స్విచ్‌లో డిఫాల్ట్ ఉంచాలా, తీసేయాలా? ఈనమ్ పీఆర్ రివ్యూలో మాట తెగడం లేదు

#1 · పచ్చటిక్కు

మా టీమ్‌లో ఒక పీఆర్ (పుల్ రిక్వెస్ట్, అంటే కోడ్‌లో కలపమని పంపిన మార్పు) అప్రూవల్ దగ్గర ఇరుక్కుంది. జావా 17, స్ప్రింగ్, డేటాబేస్ వైపు జేపీఏ (జావా ఆబ్జెక్టుల్ని డేటాబేస్ టేబుళ్లతో కలిపే పద్ధతి). ఆఫీసు కోడ్ కాబట్టి పేర్లు మార్చి తెలుగులో పెడుతున్నా.

ఇప్పుడున్న ఈనమ్ (ఒక విలువ తీసుకోగల పేర్ల జాబితా) ఇది:

ఈనమ్ ఆర్డర్_స్థితి { కొత్తది, చెల్లించారు, పంపించాం, చేరింది, రద్దు }

ఒకే ఆర్డర్‌లో కొన్ని వస్తువులు ముందు, కొన్ని తర్వాత వెళ్లే సందర్భం కొత్తగా వచ్చింది. దానికోసం "చెల్లించారు"కీ "పంపించాం"కీ మధ్యలో "కొంత_పంపాం" చేర్చారు. చదవడానికి వరుస బాగుంది. టెస్టులన్నీ పాస్.

నా అభ్యంతరం ఒక్కటే. కస్టమర్‌కి చూపించే మాట తయారుచేసే మెథడ్‌లో పాతకాలపు స్విచ్ (విలువని బట్టి దారి ఎంచుకునే కోడ్) ఉంది. కొన్ని స్థితులకి కేసులు, ఏ కేసుకీ సరిపోనిదానికి అడుగున డిఫాల్ట్: "మీ ఆర్డర్ ప్రాసెస్ అవుతోంది". కొత్త స్థితికి కేసు రాయలేదు. అంటే సగం సరుకు చేతికి అందిన మనిషికి కూడా ఇదే మాట కనిపిస్తుంది. డిఫాల్ట్ తీసేయమని కామెంట్ పెట్టా. మా సీనియర్ వచ్చి "డిఫాల్ట్ లేని స్విచ్ రాయకూడదు, డిఫెన్సివ్ ప్రోగ్రామింగ్ అంటే అదే" అని నా కామెంట్‌ని రిజాల్వ్ చేసేశారు. మీరైతే ఏమంటారు?

ఇంకో రెండు ముక్కలు కూడా పెడుతున్నా, పనికొస్తాయేమో. ఎంటిటీలో (డేటాబేస్ టేబుల్‌కి జోడీగా ఉండే క్లాస్‌లో) ఈ ఫీల్డ్ మీద ఎన్యుమరేటెడ్ అనొటేషన్ (జేపీఏకి సూచన చెప్పే గుర్తు) ఉంది, బ్రాకెట్లలో ఏమీ ఇవ్వలేదు. ఇంకోచోట రద్దు బటన్ చూపించాలా వద్దా అన్నది ఆర్డినల్‌తో, అంటే ఈనమ్‌లో ఆ పేరు ఎన్నోదో ఆ సంఖ్యతో, ఇలా తేలుస్తున్నారు:

సరుకు_వెళ్లింది = స్థితి.ఆర్డినల్() >= పంపించాం.ఆర్డినల్()


#2 · వరుస_సంఖ్య

డిఫాల్ట్ గొడవ తర్వాత చూద్దాం. ముందు ఆ పీఆర్ ఎవరూ మెర్జ్ చేయకుండా ఆపండి.

అనొటేషన్‌కి ఏమీ ఇవ్వకపోతే జేపీఏ ఆర్డినల్‌నే తీసుకుంటుంది. డేటాబేస్‌లో పడేది పేరు కాదు, ఈనమ్‌లో అది ఎన్నోదో ఆ సంఖ్య. ఈరోజు లెక్క చూడండి: కొత్తది 0, చెల్లించారు 1, పంపించాం 2, చేరింది 3, రద్దు 4. పీఆర్ మెర్జ్ అయ్యాక: కొంత_పంపాం 2, పంపించాం 3, చేరింది 4, రద్దు 5.

డేటాబేస్‌లో పాత వరుసలు (రికార్డులు) అలాగే ఉంటాయి, వాటిని చదివే కళ్లద్దాలు మారిపోతాయి. పంపినవన్నీ "కొంత పంపాం" అవుతాయి. చేరినవి "పంపించాం" అవుతాయి. ఇప్పటిదాకా రద్దయిన ప్రతి ఆర్డరూ "చేరింది" అయిపోతుంది. ఎక్సెప్షన్ రాదు, లాగ్‌లో ఒక్క ముక్క ఉండదు, ఎందుకంటే 0 నుంచి 5 దాకా అన్నీ చెల్లే సంఖ్యలే.

టెస్టులు ఎందుకు పాస్ అయ్యాయంటారా? టెస్ట్ డేటాబేస్ ప్రతిసారీ ఖాళీగా మొదలవుతుంది. కొత్త లెక్కతో రాసి కొత్త లెక్కతోనే చదువుకుంటే తేడా ఎక్కడ బయటపడుతుంది?


#3 · పచ్చటిక్కు

అమ్మో. ఇంకా దారుణం ఏంటంటే ఆ ఎంటిటీ ఫైల్ పీఆర్ డిఫ్‌లోనే (మారిన లైన్ల జాబితాలోనే) లేదు. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు కదా. నేను వేరే పనిమీద తెరిచాను కాబట్టి కనపడింది.

అయితే కొత్త పేరుని మధ్యలో కాకుండా చివర చేరిస్తే సరిపోతుందా?


#4 · అల్పవిరామం

డేటాబేస్ వరకూ సరిపోతుంది, మళ్లీ ఎవరో వచ్చి "అక్షరక్రమంలో పెడితే బాగుంటుంది" అనేదాకా. ఫార్మాటర్‌కో, లింటర్‌కో వరుస సర్దే రూల్ ఉంటే మనిషి కూడా అక్కర్లేదు.

మీ చివరి ముక్క, ఆ రద్దు బటన్ పోలిక మీద మాత్రం కాసేపు ఆగాలి. పీఆర్‌లో ఉన్నట్టు మధ్యలో పెడితే కొంత_పంపాం 2, పంపించాం 3. 2 >= 3 అబద్ధం. అంటే సగం సరుకు దారిలో ఉన్న ఆర్డర్‌కి రద్దు బటన్ కనిపిస్తుంది. చివర పెడితే 5 >= 2 నిజం, బటన్ దాగిపోతుంది. సరైన జవాబే వచ్చింది, కానీ అదృష్టం కొద్దీ వచ్చింది.

ఇప్పుడు ప్రొడక్షన్‌లో ఉన్న కోడ్‌కి వద్దాం. రద్దు 4, పంపించాం 2. 4 >= 2 నిజం. అంటే డబ్బు కట్టకముందే రద్దయిన ఆర్డర్‌కి కూడా "సరుకు_వెళ్లింది" నిజమే అంటోంది మీ కోడ్. రద్దయినదానికి రద్దు బటన్ ఎలాగూ అక్కర్లేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఆ వేరియబుల్ పేరు చూసి రేపు ఎవరైనా దాన్ని రిటర్న్ లాజిక్‌లో వాడుకుంటే?

అసలు "సరుకు వెళ్లిందా" అన్నది స్థితిని అడగాల్సిన ప్రశ్నే కాదు. రద్దయిన ఆర్డర్ పంపకముందు రద్దయిందా, పంపాక రద్దయిందా అన్నది ఆ ఒక్క మాటలో లేదు. బటన్‌కి కావాల్సింది "ఇప్పుడు రద్దు చేయొచ్చా" అన్నది. దానికి కొత్తది, చెల్లించారు అనే రెండిటితో ఒక ఈనమ్‌సెట్ (ఈనమ్ పేర్ల సమితి) చాలు. అందులో ఉందా లేదా అని చూడండి, పెద్దదా చిన్నదా అని చూడకండి. ఖర్చవుతుందేమో అన్న భయం అక్కర్లేదు. 64 దాకా పేర్లున్న ఈనమ్‌కి ఈనమ్‌సెట్ లోపల ఒకే ఒక్క లాంగ్ (64 బిట్ల సంఖ్య), ఒక్కో పేరుకి ఒక్కో బిట్.

ఆర్డినల్ మెథడ్ డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది, చాలామంది ప్రోగ్రామర్లకి దీనితో పని ఉండదు, ఇది ఈనమ్‌సెట్, ఈనమ్‌మ్యాప్ లాంటి వాటికోసం అని. రివ్యూలో ఆర్డినల్ అన్న మాట కనపడితే నేను ఆ లైన్ దగ్గర ఆగకుండా ముందుకెళ్లను.


#5 · పాయింటర్_పెద్దాయన

మీకు కనీసం ఆర్డినల్ అని పిలిస్తేనే సంఖ్య బయటికొస్తుంది. మా సీ భాషలో ఈనమ్ పేర్లన్నీ పుట్టుకతోనే ఇంట్‌లు (మామూలు పూర్ణసంఖ్యలు). ఒక ఈనమ్‌లో పేరుని ఇంకో ఈనమ్ వేరియబుల్‌లో పెట్టినా భాష ఒప్పుకుంటుంది. 1970లో పాస్కల్ ఈనమ్‌ని వేరే టైపుగా చూసింది, సంఖ్య కావాలంటే ఆర్డ్ అని అడగాల్సిందే. తర్వాత వచ్చిన సీ ఆ కట్టుబాటు పెట్టుకోలేదు. సీ ప్లస్ ప్లస్‌లో 2011లో ఈనమ్ క్లాస్ వచ్చేదాకా పేర్లు చుట్టుపక్కలంతా చిందిపోయేవి.

డిఫాల్ట్ గురించి: జీసీసీ కంపైలర్‌లో వాల్ అన్న ఆప్షన్ ఆన్ చేస్తే డబ్ల్యూస్విచ్ వార్నింగ్ దానితోపాటే వస్తుంది. ఈనమ్‌లో ఉన్న పేరుకి కేసు లేకపోతే అరుస్తుంది. కానీ స్విచ్‌లో డిఫాల్ట్ ఉందా, నోరు మూసుకుంటుంది. డిఫాల్ట్ ఉన్నా అరవాలంటే డబ్ల్యూస్విచ్‌ఈనమ్ వేరేగా పెట్టుకోవాలి, అది వాల్‌లో లేదు. అందుకే మేం డిఫాల్ట్ రాయం. ప్రతి కేసులోనూ రిటర్న్ పెట్టి, స్విచ్ అయ్యాక కింద "ఇక్కడికి రాకూడదు" అన్న లైన్ రాస్తాం. చెత్త విలువ వస్తే ఆ లైన్ పట్టుకుంటుంది, మర్చిపోయిన కేసుని కంపైలర్ పట్టుకుంటుంది. రెండూ కావాలి కదా.


#6 · తుప్పుపట్టింది

రస్ట్‌లో ఈ గొడవే లేదు :) మ్యాచ్‌లో (మా స్విచ్ లాంటిది) ఒక్కటి వదిలినా కంపైల్ అవ్వదు.


#7 · పాయింటర్_పెద్దాయన

ఉంది నాయనా. మీవాళ్లు చివర అండర్‌స్కోర్ పెట్టి ఒక లైన్ రాస్తారు చూడు, అది డిఫాల్ట్‌కి తోబుట్టువే. అది ఉన్న మ్యాచ్‌లోకి కొత్త వేరియంట్ వచ్చి కూర్చున్నా మీ కంపైలర్ కూడా పలకదు.


#8 · తుప్పుపట్టింది

సరే, ఒప్పుకుంటున్నా. క్లిప్పీలో (రస్ట్ కోడ్ తనిఖీ టూల్) దానికి ప్రత్యేకంగా ఒక లింట్ (తనిఖీ నియమం) ఉంది కానీ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. పైగా 1.40 నుంచి నాన్ ఎగ్జాస్టివ్ అని ఒక అట్రిబ్యూట్ ఉంది. లైబ్రరీ రాసినవాళ్లు అది పెడితే బయటి క్రేట్లు (దాన్ని వాడుకునే ఇతర ప్యాకేజీలు) అండర్‌స్కోర్ రాసి తీరాలి. మేం ఇంకా పేర్లు చేర్చుతాం, మీరు సిద్ధంగా ఉండండి అని చెప్పడం. ఎవరి ఈనమ్ అన్నదాన్ని బట్టి నియమం మారుతుందన్నమాట.


#9 · రాత్రి_పేజర్

నేను ఆ సీనియర్ పక్షం. అందరూ కంపైలర్ సైడ్ నుంచి మాట్లాడుతున్నారు, రాత్రి ఫోన్ మోగేవాళ్ల సైడ్ నుంచి ఎవరూ మాట్లాడట్లేదు.

డిఫాల్ట్ లేకుండా, లేదా డిఫాల్ట్‌లో ఎక్సెప్షన్ విసిరి పెట్టారనుకోండి. కస్టమర్ "నా ఆర్డర్లు" పేజీ తెరుస్తాడు. అందులో ఒక్క ఆర్డర్‌కి తెలియని స్థితి. ఆ ఒక్కదాని కోసం పేజీ మొత్తం 500 ఎర్రర్. మిగతా ఆర్డర్లన్నీ బాగానే ఉన్నా అతనికి ఏమీ కనిపించదు. "ప్రాసెస్ అవుతోంది" అన్న మాట కొంచెం తప్పే కావచ్చు, కానీ పేజీ బతుకుతుంది. పుస్తకం ప్రకారం కరెక్ట్‌గా రాసిన కోడ్ వల్ల సర్వీసు పడిపోవడం నేను కళ్లారా చూశా.


#10 · అల్పవిరామం

పేజర్ గారూ, మీరు చెప్పిన పేజీ బాధ నిజమే. కానీ మూడు వేరువేరు డిఫాల్ట్‌లని ఒకే మూటలో కట్టేస్తున్నారు.

నమ్మశక్యమైన అబద్ధం చెప్పే డిఫాల్ట్ ఒకటి. "ప్రాసెస్ అవుతోంది" అలాంటిదే. అది నిజమైన జవాబులాగే ఉంటుంది కాబట్టి ఎవరూ కంప్లైంట్ ఇవ్వరు, నెలల తరబడి బతికేస్తుంది. ఎక్సెప్షన్ విసిరేది ఇంకొకటి. "వివరాలు ఇప్పుడు అందుబాటులో లేవు" అని చూపిస్తూ లాగ్‌లో గట్టిగా అరిచేది మూడోది. పేజీ బతకాలంటే మూడోది చాలు, మొదటిది అక్కర్లేదు.

అసలు ఈ కేసులో ఏదీ అక్కర్లేదు. ఈ ఈనమ్ మీ సొంత కోడ్‌లోదే, స్విచ్ కూడా అదే రిపాజిటరీలో ఉంది. జావా 14 నుంచి స్విచ్ ఎక్స్‌ప్రెషన్ ఉంది, అంటే విలువని తిరిగిచ్చే స్విచ్. అందులో డిఫాల్ట్ రాయకపోతే అన్ని పేర్లూ ఉన్నాయో లేదో కంపైలరే చూస్తుంది, ఒక్కటి తగ్గినా బిల్డ్ ఆగిపోతుంది. పచ్చటిక్కు గారూ, ఇక్కడ చాలామంది బోల్తా పడతారు: బాణం గుర్తులు పెట్టినంత మాత్రాన ఈ తనిఖీ రాదు. విలువ తిరిగివ్వని మామూలు స్విచ్ స్టేట్‌మెంట్‌లో బాణాలున్నా, కేసు మర్చిపోతే జావా ఏమీ అనదు. రిటర్న్ చేయాలి, లేదా వేరియబుల్‌కి ఇవ్వాలి. (కోట్లిన్‌లో 1.7 నుంచి స్టేట్‌మెంట్‌కి కూడా ఎర్రరే. ఈ విషయంలో వాళ్లే నయం.)

"మరి రన్‌టైమ్‌లో తెలియనిది వస్తే?" అంటారా? ఈనమ్ ఉన్న జార్ (కంపైల్ చేసిన కోడ్ ఫైల్) ఒక్కటే కొత్తది వచ్చి స్విచ్ ఉన్న జార్ పాతదే ఉండిపోతే అలా జరుగుతుంది. దానికి కంపైలర్ తనే ఒక దాపుడు డిఫాల్ట్ పెడుతుంది. మీ 17లో అయితే ఇన్‌కంపాటిబుల్ క్లాస్ చేంజ్ ఎర్రర్, 21 నుంచి మ్యాచ్ ఎక్సెప్షన్. మీ సీనియర్ అడిగిన రక్షణ భాషే ఇస్తోంది, మనం చేత్తో రాస్తే కంపైలర్ తనిఖీ పోవడం తప్ప ఒరిగేదేమీ లేదు.

ఎక్స్‌ప్రెషన్‌గా మార్చడం కుదరని పాత స్విచ్‌లు ఉంటే ఎర్రర్ ప్రోన్ అనే తనిఖీ టూల్ పెట్టుకోండి, కేసులు తగ్గితే చెప్తుంది. అదీ డిఫాల్ట్ లేకపోతేనే.


#11 · రాత్రి_పేజర్

మూడు రకాల సంగతి ఒప్పుకుంటా. కానీ "మీ సొంత కోడ్‌లోదే" అన్న మాట మీద మాత్రం నాకు నమ్మకం లేదు. స్థితి డేటాబేస్ నుంచి వస్తోంది, డేటాబేస్‌లో వేరే సర్వీసు కూడా రాస్తుండొచ్చు. కొరియర్ వాళ్ల ఏపీఐ నుంచి రావచ్చు. అక్కడ ఏ కంపైలర్ కాపలా కాస్తుంది?


#12 · జేసన్_బాధితుడు

పేజర్ అన్న అసలు చోట వేలు పెట్టాడు. నేను ఈనమ్ ఉన్న పీఆర్ వస్తే స్విచ్‌లు చూడటానికి ముందు ఆ విలువ ఎక్కడ పుడుతోందో వెతుకుతా. వేల్యూఆఫ్ (స్ట్రింగ్‌ని ఈనమ్‌గా మార్చే మెథడ్) ఎవరు పిలుస్తున్నారు, జేసన్ (డేటా పంపుకునే టెక్స్ట్ రూపం) ఎక్కడ విప్పుతున్నారు, డేటాబేస్ నుంచి ఎలా వస్తోంది. లోపలికి వచ్చే గుమ్మం దగ్గరే తేల్చేస్తే లోపలున్న వంద స్విచ్‌లకీ ఆ భయం ఉండదు. గుమ్మం వదిలేసి ప్రతి గదిలో డిఫాల్ట్ పెట్టుకుంటూ పోవడమే మన అలవాటు.

జావాలో జేసన్ అంటే మామూలుగా జాక్సన్ లైబ్రరీ కదా. తెలియని పేరు వస్తే అది ఊరికే ఎక్సెప్షన్ ఇస్తుంది. ఆ బాధ భరించలేక ఎవరో ఒకరు "తెలియని ఈనమ్‌ని నల్‌గా (విలువ లేనట్టు) చదువు" అన్న సెట్టింగ్ ఆన్ చేస్తారు. ఇక ఆ నల్ లోపలికి నడుచుకుంటూ పోయి ఏదో ఒక స్విచ్‌లో పడుతుంది. నల్ మీద స్విచ్ చేస్తే జావా నల్ పాయింటర్ ఎక్సెప్షన్ విసురుతుంది, డిఫాల్ట్ ఉన్నా సరే! డిఫాల్ట్ నల్‌ని పట్టుకోదు. 21లో కేస్ నల్ అని విడిగా రాసుకుంటే తప్ప. డిఫెన్సివ్ అనుకున్నది అక్కడే చేతులెత్తేస్తుంది.

దానికన్నా ఈనమ్‌లోనే "తెలియదు" అని ఒక పేరు పెట్టి, జాక్సన్‌కి ఇదే నీ డిఫాల్ట్ అని అనొటేషన్‌తో చెప్పడం మేలు. ఆ అనొటేషన్ ఒక్కటే పెడితే పని చేయదు, దానికి జోడీ సెట్టింగ్ కూడా ఆన్ చేయాలి. ఇంకో జాగ్రత్త: వాళ్లు పంపిన అసలు మాటని కూడా పక్కన ఒక స్ట్రింగ్‌గా దాచండి. లేకపోతే మీరు "తెలియదు" అని డేటాబేస్‌లో రాసేస్తారు, వచ్చింది ఏమిటో ఇక ఎవరికీ తెలియదు.

ప్రోటోబఫ్ (సర్వీసుల మధ్య డేటా పంపే ఫార్మాట్) వాడేవాళ్లకి: ప్రోటో3లో మొదటి విలువ 0 అయి తీరాలి, దానికి "చెప్పలేదు" అన్న అర్థం వచ్చే పేరే పెట్టండి. ఫీల్డ్ నింపకపోయినా 0గానే కనిపిస్తుంది మరి. 0కి "కొత్తది" అని పేరు పెట్టిన పీఆర్ వస్తే వెనక్కి పంపండి. తెలియని సంఖ్య వస్తే జావాలో అన్‌రికగ్నైజ్డ్ అన్న విలువ వస్తుంది, దాన్ని గెట్‌నంబర్ అని అడిగితే ఎక్సెప్షన్. అసలు సంఖ్య కావాలంటే ఫీల్డ్ పేరు చివర వేల్యూ ఉన్న ఇంకో గెటర్ ఉంటుంది, దాన్ని పిలవాలి.


#13 · షార్ప్_శారద

గుమ్మం మాట వచ్చింది కాబట్టి సీ షార్ప్ వాళ్లకి ఒక హెచ్చరిక. ఈనమ్.ట్రైపార్స్ నిజం అందంటే పేరు సరైనదే అనుకుంటారు అందరూ. "999" అన్న స్ట్రింగ్ ఇచ్చి చూడండి, అదీ నిజమే అంటుంది. అంకెల్లా ఉన్న స్ట్రింగ్‌ని సంఖ్యగా తీసుకుని ఈనమ్‌లోకి తోసేస్తుంది, ఆ సంఖ్యకి పేరుందా లేదా అని చూడదు. ట్రైపార్స్ తర్వాత ఇజ్‌డిఫైన్డ్ లేకపోతే నేను కామెంట్ పెడతా. ఫ్లాగ్స్ ఉన్న (ఒకేసారి కొన్ని విలువలు కలిపి పెట్టే) ఈనమ్‌కి మాత్రం ఇజ్‌డిఫైన్డ్ పనికిరాదు, రెండు ఫ్లాగులు కలిపిన విలువకి విడిగా పేరు ఉండదు కాబట్టి లేదంటుంది.


#14 · ఇండెంట్

పైథాన్‌లో పని మొదలుపెట్టి ఎక్కువ కాలం కాలేదు. అక్కడ కూడా ఇలాంటివి ఉన్నాయా, లేక ఇవన్నీ జావా, సీ షార్ప్ తలనొప్పులేనా?


#15 · వరుస_సంఖ్య

వేరే రకం తలనొప్పులు. ఈనమ్ పైథాన్‌లోకి 3.4తో వచ్చింది. రివ్యూలో నాకు ఎక్కువగా దొరికేది ఇది: కాపీ పేస్ట్ చేస్తూ రెండు పేర్లకి ఒకే విలువ ఇచ్చేస్తారు. పంపించాం 3, చేరింది 3 అనుకోండి. ఎర్రర్ రాదు. "చేరింది" విడి సభ్యుడు కాకుండా "పంపించాం"కి మారుపేరు అయిపోతుంది. చేరింది అని ప్రింట్ చేస్తే పంపించాం అని వస్తుంది, లూప్ తిప్పితే చేరింది అసలు కనపడదు. క్లాస్ మీద యునీక్ డెకరేటర్ పెడితే ప్రోగ్రామ్ లోడ్ అయ్యేటప్పుడే పట్టుకుంటుంది. మారుపేరు కావాలనే పెట్టుకున్న సందర్భం తప్ప, యునీక్ లేని ఈనమ్‌కి నేను అప్రూవ్ ఇవ్వను.

రెండోది: విలువ 0 ఉన్న సభ్యుణ్ని ఇఫ్‌లో పెడితే అబద్ధం అవుతుందనుకుంటారు. మామూలు ఈనమ్‌లో అవ్వదు, సభ్యులన్నీ నిజమే. అదే ఇంట్‌ఈనమ్ అయితే 0 అబద్ధం. ఎవరో ఈనమ్‌ని ఇంట్‌ఈనమ్‌గా మార్చిన ఒక్క లైన్ డిఫ్‌లో ఇఫ్‌ల అర్థం తిరగబడుతుంది, ఆ ఇఫ్‌లు డిఫ్‌లో కనపడవు.


#16 · టేబుల్_తాత

జేపీఏకి పేరుతో దాచమని చెప్పండి అని అందరూ అనేస్తారు, మారే దారి మాత్రం ఎవరూ చెప్పరు. ఆ అనొటేషన్‌లో స్ట్రింగ్ అని రాసి మెర్జ్ చేస్తే అంకెలున్న కాలమ్‌లోకి పేర్లు రాయబోయి పగులుతుంది.

కొత్త టెక్స్ట్ కాలమ్ చేర్చండి. మొదటి డిప్లాయ్‌లో కోడ్ రెండు కాలమ్‌లలోనూ రాయాలి, చదివేది మాత్రం పాతదాన్నే. తర్వాత పాత వరుసల్ని నింపండి. ఆ మైగ్రేషన్‌లో జావా ఈనమ్‌ని పిలవకండి. 0 అయితే కొత్తది, 4 అయితే రద్దు అని సంఖ్యా పేరూ ఎస్‌క్యూఎల్‌లో చేత్తో రాయండి. మైగ్రేషన్ ఎప్పుడు నడిచినా ఒకే అర్థం రావాలి, ఆరోజు ఈనమ్ ఎలా ఉందన్న దానిమీద ఆధారపడకూడదు. రెండు కాలమ్‌లూ సరిపోయాయని చూసుకున్నాక చదవడం కొత్తదానికి మార్చండి. "కొంత_పంపాం" అప్పటిదాకా రాకూడదు.

అది వచ్చేటప్పుడు కూడా రెండు అంచెలు. సర్వర్లు ఒకదాని తర్వాత ఒకటి మారుతున్నప్పుడు కొత్త సర్వర్ "కొంత_పంపాం" అని రాస్తుంది, అదే ఆర్డర్‌ని పాత సర్వర్ చదవబోయి అలాంటి పేరు లేదని ఎక్సెప్షన్ విసురుతుంది. ముందు చదవగలిగే కోడ్ అన్నిచోట్లా వెళ్లాలి, తర్వాతే రాసే కోడ్.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సొంత ఈనమ్ టైపు వాడదామా అని ఎవరో ఒకరు అడుగుతారు. పేరు చేర్చడం తేలిక, ఫలానాదానికి ముందు అనో తర్వాత అనో చెప్పి మధ్యలో కూడా పెట్టొచ్చు, పాత వరుసలు చెడవు. పేరు మార్చడం వెర్షన్ 10 నుంచి కుదురుతుంది. తీసేయడం మాత్రం కుదరదు, టైపు మళ్లీ కట్టుకోవాల్సిందే. 12కి ముందు వెర్షన్లలో చేర్చడం ట్రాన్సాక్షన్ బ్లాక్ లోపల నడవదు. 12 నుంచి నడుస్తుంది కానీ కమిట్ అయ్యేదాకా ఆ కొత్త పేరుని వాడనివ్వదు. మైగ్రేషన్ టూల్ అన్నిటినీ ఒకే ట్రాన్సాక్షన్‌లో చుట్టేస్తే ఇక్కడే ఆగిపోతారు. తరచూ మారే జాబితాకి నేను టెక్స్ట్ కాలమ్, దానిమీద ఒక చెక్ (ఈ పేర్లే చెల్లుతాయన్న నియమం) పెట్టుకుంటా. మైఎస్‌క్యూఎల్ ఈనమ్ గురించి అడక్కండి. అందులోకి కోట్స్ లేకుండా 2 అని రాస్తే రెండో పేరు అనుకుంటుంది.


#17 · పచ్చటిక్కు

అందరికీ థాంక్స్. సీనియర్ గారికి #2లోని లెక్క చూపించా, ఒక్క నిమిషం ఏమీ మాట్లాడలేదు, తర్వాత ఆయనే పీఆర్ మూయించారు. డిఫాల్ట్ మీద ఇంకా మెత్తబడలేదు కానీ "సొంత ఈనమ్ అయితే స్విచ్ ఎక్స్‌ప్రెషన్, బయట నుంచి వచ్చేదానికి గుమ్మం దగ్గర తెలియదు" అన్న దానికి సరేనన్నారు.

ఇప్పుడు పని ఇలా విడగొట్టాం. మొదటి పీఆర్‌లో కొత్త కాలమ్, రెండు చోట్లా రాయడం. పాత కాలమ్‌లోకి ఆర్డినల్ కాకుండా ప్రతి పేరుకీ చేత్తో ఇచ్చిన కోడ్ సంఖ్య వెళ్తుంది, కాబట్టి వరుస మారినా పర్లేదు. రెండోదాంట్లో చదవడం మారుతుంది, ఆర్డినల్ పోలిక పోయి ఈనమ్‌సెట్ వస్తుంది. కొంత_పంపాం మూడోదాంట్లో వస్తుంది, దాన్ని రాసే కోడ్ నాలుగోదాంట్లో.

రివ్యూలో ఇంకోటి కూడా బయటపడింది. కొత్త కాలమ్‌లోకి నేమ్ (ఈనమ్‌లో రాసిన పేరు) బదులు టుస్ట్రింగ్ (మార్చుకోగలిగే టెక్స్ట్ రూపం) పంపిస్తున్నారు. ఎవరో స్క్రీన్ మీద అందంగా కనపడాలని టుస్ట్రింగ్‌ని ఓవర్‌రైడ్ చేసి ఉన్నారు. అలాగే వెళ్లి ఉంటే "రద్దు చేయబడింది" అని స్పేసులతో సహా డేటాబేస్‌లో పడేది.

ఒక సమస్య మిగిలింది. పాత పీఆర్‌ని టెస్టింగ్ వాళ్లు ముందే స్టేజింగ్‌లో (ప్రొడక్షన్‌కి ముందు పరీక్షించే చోట) పెట్టి కొన్నాళ్లు ఆర్డర్లు తిప్పారట. అంటే అక్కడ కొన్ని వరుసలు పాత లెక్కతో, కొన్ని కొత్త లెక్కతో ఉన్నాయి. 4 అంటే ఒకచోట రద్దు, ఒకచోట చేరింది. వీటిని ఎలా విడదీయాలి?


#18 · టేబుల్_తాత

0, 1 ఏ లెక్కలోనైనా ఒకటే. 5 కొత్త లెక్కలో మాత్రమే ఉంది, అది రద్దు. 2, 3, 4 మాత్రం సంఖ్య చూసి తేల్చలేరు. చివరిసారి మారిన సమయం కాలమ్ ఉన్నా నమ్మకండి. కొత్త బిల్డ్‌లో ఎవరైనా పాత ఆర్డర్ తెరిచి అడ్రస్ మార్చి సేవ్ చేశారనుకోండి, సమయం కొత్తది, స్థితి సంఖ్య పాతదే. ఎందుకంటే 4ని "చేరింది" అని చదివి, "చేరింది" అని మళ్లీ 4 రాసింది.

స్టేజింగే కాబట్టి పడేసి మళ్లీ కట్టండి. పడేసే ముందు అక్కడి నుంచి వేరే ఎక్కడికైనా డేటా వెళ్తోందేమో చూడండి. రిపోర్టులు, సెర్చ్ ఇండెక్స్, ఏదైనా.


#19 · పచ్చటిక్కు

సెర్చ్ ఇండెక్స్‌లోకి వెళ్తోంది, అక్కడ పేరుగా పడుతోంది. రద్దయిన ఆర్డర్లు కొన్ని "చేరింది" అని ఉన్నాయి, ఇప్పుడే చూశా. రెండూ తుడిచేసి మళ్లీ నింపుతున్నాం.